పరదేశమున పత్రమెవరి చేతిలో నుండవలెను?

(గల్ఫు దేశములకు బయలుదేరుచున్న కార్మికులును, వారి కుటుంబములవారును కూడిన సభయందు మా పక్షమున చదువబడిన యుపన్యాసము.)



నేడు మాటాడవలసిన విషయమును సభవారే నిర్ణయించి మాకు తెలిపిరి. పరదేశమున నివసించుచున్న మనవారు తమ గుర్తింపు పత్రములను కాలము మించకుండ మార్పించుకొనుట యెట్లు అనునదే ఆ విషయము. పత్రికలు పెద్ద యక్షరములతో ప్రకటించు విషయము కాదిది. సభలలో కరతాళధ్వనులు పుట్టించునదియు కాదు. అయినను జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కరీంనగరము ప్రాంతములనుండియు, కోనసీమనుండియు, కడప, రాజంపేట తావులనుండియు అరబ్బు దేశములకు పోయిన మనవారి బ్రతుకులు అరచేతిలో నిముడు ఒక బిళ్లయొక్క గడువును పట్టుకొని వ్రేలాడుచున్నవి. ఆ గడువు దాటిన మరునాడు, నిన్నటివరకు ఎండలో గోడలు కట్టినవాడును, పరుల వంటయింట చాకిరి చేసిన యాడుబిడ్డయు, ఏ నేరమును చేయకయే చట్టము దృష్టిలో నేరస్థులగుచున్నారు. జ్వరము వచ్చిన ఆసుపత్రికి పోవుటకు జంకుదురు. కూలి యెగవేసిన యజమానిమీద ఫిర్యాదు చేయుటకు జంకుదురు. ఊరిలో తల్లి చనిపోయినదని కబురు వచ్చినను విమానమెక్కుటకు వలనుపడదు.

ఆ బిళ్ల యెట్టిదో ముందుగా చెప్పుదుము. అచ్చటి ప్రభుత్వములు జాతీయ గుర్తింపు కార్డును తమ పౌరులకే గాక తమ దేశమున నివసించు పరదేశీయులకు గూడ నిచ్చుచున్నవి. సౌదీలో మనవారు దానిని అకామా యందురు. కువైటు, దుబాయిలలో బతాకా యందురు. ఎమిరేట్సు కార్డుపై 15 అంకెల సంఖ్య యుండును. అది 784తో మొదలగును. ఆ మూడంకెలును దేశమునకు గుర్తు. వెంటనే మనిషి పుట్టిన సంవత్సరము వచ్చును. కువైటు సంఖ్య 12 అంకెలది. మొదటి యంకె శతాబ్దమును, పిదపటి యారంకెలు పుట్టిన సంవత్సరమును, మాసమును, దినమును తెలుపును. మన పల్లెబడులలో పిల్లవానిని చేర్చుకొనునాడు పంతులుగారు తమకు తోచిన తేదీ వ్రాసికొనుట చిరకాలపు వాడుక. తెలుగువారందరును జూను, జూలై మాసములలోనే యెట్లు పుట్టిరాయని అరబ్బు గుమాస్తాలు వింతపడుచుందురేమో! నవ్వులకేమి గాని, పంతులుగారి తేదీయే కువైటు సంఖ్యలో నిమిడిపోవును. తరువాత దిద్దించుకొనుట సులభము కాదు.

పూర్వము నివాసానుమతి యనునది పాస్‌పోర్టు పుటమీద అంటించు కాగితముగా నుండెడిది. కువైటులో 2019 మార్చినుండియు, ఎమిరేట్సులో 2022 ఏప్రిలునుండియు ఆ యంటింపు మానివేసిరి. ఇప్పుడు కార్డే యనుమతి. సౌదీలో మఱియొక మెలిక కలదు. అచ్చట 2015 నుండి కార్డును అయిదేండ్లకు అచ్చువేయుచున్నారు. కాని దాని వెనుకనున్న యనుమతిని మాత్రము గడువు గడువునకు సర్కారు కంప్యూటరులో పొడిగింపవలసినదే. కావున చేతిలోని బిళ్ల నిగనిగలాడుచుండగనే లెక్కలో అది చచ్చియుండవచ్చును. బిళ్లను చూచికొని ధైర్యముగా వీధిలో తిరిగినవాడు తనిఖీలో పట్టుబడి, తన యకామా యెన్నడో తీరిపోయినదని పోలీసులనోట విని నిశ్చేష్టుడగుట అట్లు జరుగుచున్నది.

ఇక అసలు చిక్కునకు వత్తము. కార్డు కూలివానిది, పేరు వానిది, ఛాయాచిత్రము వానిది, వ్రేలిముద్రలు వానివి. దానిని పొడిగింపు మని దరఖాస్తు చేయు అధికారము మాత్రము వానిది కాదు. అది కఫీలుది, అనగా వానిని పిలిపించుకొనిన యజమానిది. యజమాని మంచివాడైనచో పని నిశ్శబ్దముగా జరిగిపోవును. అట్టివారు పెక్కుమంది కలరు, కాదనము. ఆయన సోమరియైనను, దివాలా తీసినను, కుత్సితుడైనను ఆ దోషము కూలివాని నెత్తిమీద పడును. సౌదీ నిబంధనలను చూడుడు. అకామా పొడిగింపు ఆలస్యమైనచో మొదటిసారి 500 రియాళ్ల జుల్మానా; రెండవసారి 1,000 రియాళ్లు; మూడవసారి దేశబహిష్కారము. బహిష్కారమెవరికి? ఆలస్యము చేసిన యజమానికి గాదు, కూలివానికి! ఆలస్యమొకరిది, శిక్ష యింకొకరిది.

మన ఊళ్లలో ఆజాదు వీసా యను మాట ప్రచారములో నున్నది. ఆజాదనగా స్వేచ్ఛ. ఇంత బొంకు పేరు మఱియొకటి యుండునా? ఏ చట్టములోను లేని వీసా యది. అరబ్బు ఒకడు తనకు పనివాడు కావలయునని కాగితముపై వ్రాసి వీసా తెచ్చి దళారికి అమ్మును. దళారి దానిని మన కుఱ్ఱవానికి అమ్మును. కుఱ్ఱవాడు దిగినపిదప ఆ కఫీలు వద్ద పనియుండదు. ఎచ్చట దొరకిన అచ్చట చేసికొనవలెను. అట్లు చేయుటయే చట్టవిరుద్ధము. ఏడాది తిరుగును. అకామా పొడిగింపునకు కఫీలు వేలకొలది రియాళ్లడుగును. లేదా ఫోను తీయడు. లేదా వీడు నావద్దనుండి పారిపోయెనని సర్కారునకు వ్రాసివేయును. ఆ వ్రాతను అచ్చట హురూబందురు. ఆ క్షణమునుండి మనవాడు ఖల్లివెల్లి. ఈ మాట అరబ్బుదే యైనను నేడు మన పల్లెలలోని ముసలమ్మలకు గూడ దాని యర్థము తెలియును. స్వేచ్ఛయని పేరు పెట్టి అమ్మిన సరకు దాగుడుమూతల బ్రతుకుగా పరిణమించుచున్నది.

ఇట్టి చిక్కు మనవారికి క్రొత్త కాదు. కోరంగి, కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి ఓడలెక్కి రంగూను పోయిన మన తాతలను ఏ దేశమువాడవని యడిగినవారు లేరు. 1937 ఏప్రిలు 1వ తేదీవరకు బర్మా బ్రిటిషిండియాలోని భాగమే. తరువాత అది వేరు దేశమయ్యెను, 1948లో స్వతంత్రమయ్యెను. ఆ యేట చేసిన చట్టమునుబట్టి అచ్చట స్థిరపడిన భారతీయులు దరఖాస్తు పెట్టుకొని పౌరులగుటకు వీలు కలిగెను. పెట్టుకొననివారు చాలమంది. కొందఱికి చదువు లేదు. కొందఱు రేపు చూచుకొందమనిరి. కొందఱ దరఖాస్తులు కచ్చేరీలలో ధూళిపాలయ్యెను. పరదేశీయులుగా నమోదై పత్రము పట్టుకొని నిలిచినవారి గతి 1964లో, దుకాణములను వర్తకములను జాతీయము చేసినప్పుడు తేలినది. కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెమువద్ద బర్మా కాంపు అనుపేట ఆ గాథకు నేటికిని సాక్షిగా నున్నది.

దక్షిణాఫ్రికా కథ ఇంతకంటె ప్రసిద్ధము. 1860లో ట్రూరో యను ఓడ చెన్నపట్టణమునుండి మన తెలుగు, తమిళ కూలీలను తీసికొని నేటాలు చేరినది మొదలు ఆ దేశమున మనవారి సంఖ్య పెరిగెను. 1906లో ట్రాన్సువాలు ప్రభుత్వము, ఎనిమిదేండ్లు దాటిన ప్రతి భారతీయుడును పదివ్రేళ్ల ముద్రలు వేసి నమోదుపత్రము తీసికొనవలెననియు, పోలీసు అడిగినప్పుడెల్ల చూపవలెననియు శాసనము సంకల్పించినది. ఆ యేడు సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గున మనవారు ప్రతిజ్ఞ చేసిరి. 1908 ఆగష్టు 16న హమీదియా మసీదు ముంగిట రెండువేలకు పైగా పత్రములను కొప్పెరలో వేసి కాల్చిరి. ఈ కథ మీరందరు విన్నదే. కాని దాని నడిమిభాగమును చెప్పువారు తక్కువ. ఆ 1908 ఆరంభముననే గాంధిమహాత్ముడు ప్రభుత్వముతో రాజీపడి, స్వచ్ఛందముగా నమోదు చేసికొందమని మనవారికి చెప్పి, తాను ముందుగా బయలుదేరెను. దారిలో దెబ్బలు తిని రక్తము కారుచున్నను నమోదు చేయించుకొనియే తీరెను. శాసనమును రద్దుచేయుదుమన్న మాటను ప్రభుత్వము తప్పిన పిమ్మటనే పత్రములను అగ్నికి ఆహుతి చేయించెను. అనగా ఆయన వైరము పత్రముతో గాదు. పత్రము మనిషి గౌరవమునకు రక్షగా నుండునా, మెడకు గొలుసుగా నుండునా యనునదే ఆయన చూచినది. నేటి గల్ఫులో మనము వేయవలసిన ప్రశ్నయు నదియే. బిళ్లను మనము కాల్చనక్కరలేదు. అది మనవాని జేబులో నుండవలెను, యజమాని బీరువాలో గాదు.

పాస్‌పోర్టు సంగతియు నిట్టిదే. మన దేశమున 1967 నాటి పాస్‌పోర్టుల చట్టమునుబట్టి ఆ పుస్తకము కేంద్ర ప్రభుత్వముయొక్క సొత్తు. దాని మొగమున అశోకస్తంభపు సింహములున్నవి. కూలివానినుండి దానిని లాగికొని సొరుగులో వేసి తాళము బిగించిన యజమాని కూలివాని సొత్తునే గాదు, భారతదేశపు సొత్తును పట్టియుంచుచున్నాడు. ఇది మన మాట మాత్రమే కాదు. వారి చట్టములును కూడదనుచున్నవి. ఖతారులో 2015 నాటి శాసనము పాస్‌పోర్టు పట్టియుంచిన యజమానికి 25,000 రియాళ్లవరకు జుల్మానా విధించినది. ఎమిరేట్సు 2021 నాటి శ్రామిక శాసనము కార్మికుని పత్రములను యజమాని యుంచుకొనరాదనినది. చట్టము పుస్తకములో నున్నది. పాస్‌పోర్టు కంపెనీ సొరుగులో నున్నది! క్యాంపులో దొంగతనములు జరుగును, భద్రముగా నుంచెదమని తీసికొందురు. సంతకము చేసి యిచ్చినవాడే అడుగుటకు మొగమాటపడును. గడువు దాటినదని వానికి తెలిసిన నాటికి పుస్తకము వాని చేతిలో నుండదు. ఎదుటివాని చేతిలో బేరపు వస్తువై యుండును.

ఈ రెండు పత్రములకును ముడి కలదు. పాస్‌పోర్టు గడువు తరుగుచున్నకొలది నివాసానుమతి పొడిగింపు చిక్కుపడును. ఆరు మాసములకన్న తక్కువ మిగిలినచో పెక్కుచోట్ల పని సాగదు. పెద్దవారి పాస్‌పోర్టు పదేండ్లది, పిల్లలది అయిదేండ్లది. గడువు తీరుటకు ఏడాది ముందునుండియే క్రొత్తదానికై దరఖాస్తు పెట్టవచ్చును. ఈ సంగతి ఎరిగినవారు మన ఊళ్లలో ఎందఱు? సెలవుమీద ఇంటికి వచ్చినప్పుడు తీరికగా చేయించుకొనదగిన పనిని విడిచి, తిరిగిపోయి, ఎడారి నడుమనుండి రాయబార కార్యాలయమునకు వందల మైళ్లు పరుగెత్తువారిని మేమెఱుగుదుము. క్రొత్త పాస్‌పోర్టు వచ్చినంతమాత్రమున పని ముగియదు. క్రొత్త సంఖ్యను అకామా లెక్కలోనికి ఎక్కించవలెను. సౌదీలో మనవారు దానిని నకల్ మాలూమాత్ అందురు. అది చేయింపనియెడల మనిషి యొకడే యైనను, పాస్‌పోర్టు ప్రకారమొకడు, కార్డు ప్రకారమింకొకడు నగును. పాత పుస్తకమును పారవేయరాదు.

ఇక పేరు. ఇచ్చట కొంచెము నిలువవలెను; తెలుగువాని పేరు అరబ్బుదేశమున పడు పాట్లు అన్నిన్ని కావు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరునకు ఒక గడి, పేరునకు ఒక గడి యున్నవి. దరఖాస్తు నింపు దుకాణమువాడు తొందరలో మొత్తము పేరును ఒక గడిలో కుమ్మరించి రెండవదానిని ఖాళీగా విడుచును. ఒక్క పేరే గల పాస్‌పోర్టుతో వచ్చు సందర్శకులను రానీయమని ఎమిరేట్సువారు 2022 నవంబరులో ప్రకటించినప్పుడు విమానాశ్రయములవద్ద మనవారి గుండెలు జారినవి. బడి సర్టిఫికెట్టులో ఇంటిపేరు పొడియక్షరముగా నుండును. ఆధారులో పూర్తిగా నుండును. పెండ్లియైన స్త్రీకి పుట్టింటిపేరొక కాగితమున, మెట్టినింటిపేరొక కాగితమున. ఇవన్నియు మన గడప దాటకముందే చేసికొనిన చిక్కులు.

గడప దాటిన పిదప పేరు అరబ్బు లిపిలోనికి మారును. ఆ లిపిలో పకారము లేదు, బకారమే గతి. మన పాపయ్య అచ్చట బాబయ్య యగును. గకారమును ఒక దేశమువారొక యక్షరముతోను, వేఱొక దేశమువారింకొక యక్షరముతోను వ్రాయుదురు. గంగయ్య ఏమగునో ఆ గంగమ్మకే యెఱుక. ట, త లకు భేదము చెడును. అరబ్బు వ్రాతనుండి తిరిగి ఆంగ్లాక్షరములలోనికి మార్చినప్పుడు అసలు పేరుతో పొత్తులేని పేరు పుట్టును. కువైటులో నివాసానుమతిని పాస్‌పోర్టుమీద అంటించుట మానినప్పుడు బతాకాపైని పేరు పాస్‌పోర్టులోని పేరుతో సరిపోవలసి వచ్చెను. అంతవరకు ఎవరును పట్టించుకొనని అక్షరదోషములను దిద్దించుకొనుటకు పరదేశీయులు పరుగులెత్తవలసి వచ్చెను. కార్డు చేతికి వచ్చిననాడే కూర్చుండి, ప్రతి యక్షరమును పాస్‌పోర్టుతో సరిచూచికొనుడు. చదువురానివారు చదువు వచ్చినవారిచేత చూపించుకొనుడు. అక్షరము తప్పిన జీతపు బ్యాంకు ఖాతా చిక్కుపడును. దైవము చాలని దినమున శవపేటిక గూడ చిక్కుపడును. ఈ మాట కటువుగా నున్నను చెప్పక తప్పదు.

మన యాడువారి సంగతి వేఱుగా చెప్పవలెను. కడప, గోదావరి జిల్లాలనుండి కువైటు ఇండ్లలో పనికి పోవువారిది 20వ నంబరు వీసా. దుకాణములలో, కంపెనీలలో పనిచేయువారిది 18వ నంబరు. ఇంటిపని వీసాపై పోయినవారికి ఆ యింటి గోడలే దేశము. పదవ తరగతి ప్యాసుకాని స్త్రీ ముప్పదేండ్లు నిండక యీ పనికి పోరాదని మన ప్రభుత్వపు నియమము. దళారులు దీనిని దాటించుటకు సందర్శక వీసాపై పంపుచున్నారు. సందర్శక వీసాతో పోయినదానికి నివాసపు బతాకా లేదు. మన ప్రభుత్వపు లెక్కలో ఆమె కూలికి పోలేదు. వారి ప్రభుత్వపు లెక్కలో ఆమె కూలి చేయుటలేదు. ఆమె కన్నీరు ఏ లెక్కలో వ్రాయుదురు?

అచ్చట పుట్టిన బిడ్డల మాట. ఆ దేశములు తమ నేలపై పుట్టినంతమాత్రమున పరదేశీయుల బిడ్డలకు పౌరసత్వమియ్యవు. మన చట్టమునుబట్టి 2004 డిసెంబరు 3 తరువాత విదేశమున పుట్టిన బిడ్డ భారతీయుడు కావలెనన్న, పుట్టిన యేడాదిలోగా మన రాయబార కార్యాలయమున నమోదు చేయింపవలెను. ఏడాది దాటినచో కేంద్ర ప్రభుత్వపు టనుమతి కావలెను. తండ్రికి అకామా తీరిపోయినది. ఆసుపత్రికి పోయిన పట్టుబడుదుమన్న భయము. పుట్టుక పత్రము లేదు. కావున నమోదు లేదు. కావున పాస్‌పోర్టు లేదు. ఆ బిడ్డ ఏ దేశపు బిడ్డ? పెద్దవాని తేదీ ఒకటి తప్పిన, పాలుత్రాగు పసివాని దేశమే తప్పిపోవుచున్నది.

అప్పుడప్పుడు ఆ ప్రభుత్వములు క్షమాభిక్ష ప్రకటించుచుండును. కువైటులో 2018 జనవరి చివరినుండి ఏప్రిలువరకు నొకటి. అదే యేడు ఆగష్టునుండి డిసెంబరువరకు ఎమిరేట్సులో నొకటి. కువైటున మరల 2024 మార్చినుండి జూనువరకు. ఎమిరేట్సున ఆ యేడే సెప్టెంబరునుండి డిసెంబరువరకు. అట్టి వార్త వచ్చినప్పుడు మన పల్లెలలో పండుగ. ఏండ్ల తరబడి మొగము చూడని కొడుకు అవుట్ పాసు పట్టుకొని దిగును. అవుట్ పాసనగా మన రాయబారులిచ్చు ఒక్కదారి ప్రయాణపు పత్రము. దానితో ఇంటికి వచ్చుటయే గాని పోవుట లేదు. ఆ ప్రభుత్వములు చేసినది మేలే, జుల్మానాలు మాన్పిరి. ఎమిరేట్సులో గడువు మించిన దినమునకు 50 దిర్హముల చొప్పున ఏడాదికి 18,250 దిర్హములగును; నెలకు వేయి దిర్హములు తెచ్చుకొను కూలివాడు పదునెనిమిది మాసములు తినక త్రాగక కూడబెట్టినను తీరదు. అది మాఫీ యగుట సామాన్యమా? అయినను క్షమాభిక్ష యను ఆ మాట మాకు మ్రింగుడు పడదు. క్షమించుట కేమి తప్పు చేసిరి? దరఖాస్తు పెట్టవలసినవాడు పెట్టలేదు. పెట్టు హక్కు లేనివాడు భిక్షకుడయ్యెను!

ఈ సందర్భమున మన యింటి సంగతియు చూచికొనవలెను. హైదరాబాదున చదువుచున్న యెమను, సూడాను విద్యార్థులును తమ నివాసమును నమోదు చేయించుకొని గడువునకు గడువు పొడిగించుకొనవలసినవారే. ఇల్లు అద్దెకిచ్చినవాడు కాగితముపై సంతకము పెట్టుటకు వెనుదీయుచున్నాడన్న వారి మొఱ వినుచున్నాము. రియాదులో మనవానికి కావలెనన్న మర్యాదను మనము మన వీధిలో చేయుట నేర్వవలదా?

ప్రభుత్వములతో మేము చెప్పదలచినది కొంచెమే. మన దేశమున వలసలకు 1983 నాటి చట్టము వచ్చినది. 2014 నుండి పోవువారి వివరములు ఈ-మైగ్రేటు లెక్కలో నెక్కుచున్నవి. ఎవడు, ఏ యూరివాడు, ఏ యజమాని వద్దకు, ఎన్నాళ్లకు పోయెనో ఆ లెక్కలో నున్నదే! గడువునకు ఆరు మాసములు ముందుగా వానికిని, వాని భార్యకును తెలుగున ఒక్క వార్త పంపుట కేమి యడ్డము? 2009లో విదేశ భారతీయుల సంక్షేమనిధి యేర్పడినది. అది మనవారు రాయబార కార్యాలయములలో చెల్లించు రుసుములపై వేసిన చిల్లరతో నిండునదే. చిన్న జుల్మానాలు కట్టుటకు దానిని వాడవచ్చునని నిబంధనలలో నున్నది. ఆ సంగతి కార్మికుల క్యాంపు గోడలపై తెలుగున వ్రాయించినవారు లేరు. రాయబారులు సెలవుదినములందు దూరపు ఊళ్లకు పోయి శిబిరములు పెట్టుచున్నారు, మెచ్చదగినది. తెలుగు వచ్చిన గుమాస్తా యొక్కడైన ప్రతి శిబిరమున నుండవలెను. 275 రూపాయలకు రెండేండ్లపాటు 10 లక్షల బీమా కలదు. దాని కాగితమును దళారి తన వద్దనే యుంచుకొనుచుండగా కుటుంబమునకు తెలియుటెట్లు? తెలంగాణ ప్రభుత్వము గల్ఫులో మరణించినవాని కుటుంబమునకు 5 లక్షల రూపాయలిచ్చుటకు 2024లో నిర్ణయించినది. సంతోషము. చచ్చినపిదప అయిదు లక్షలు విలువచేయు మనిషికి, బ్రతికియుండగా అయిదు నిమిషములు విలువచేయు హెచ్చరిక యొక్కటి పంపవలదా?

ఎదుటి ప్రభుత్వములతో మాటాడునప్పుడు చమురు, పెట్టుబడులు, విమానములు అను వానితోపాటు ఈ సంగతిని గూడ బల్లపై పెట్టవలెను. ఇంటిపనివారిని గూర్చి సౌదీతో 2014లోను, కువైటుతో 2021లోను ఒడంబడికలు జరిగినవి. వానిపై ఒక్క వాక్యము చేర్చిన చాలును: యజమాని పొడిగింపనియెడల కార్మికుడు స్వయముగా దరఖాస్తు పెట్టుకొనవచ్చును, ఆ వ్యవధిలో వానిని నేరస్థునిగా నెంచరాదు. ఇది భిక్ష కాదు, న్యాయము.

అంతవరకు మీరు చేయగలిగినదానిని మీరు చేయుడు. మీ యనుమతి ఎప్పటివరకున్నదో యజమాని చెప్పువరకు ఆగక మీరే చూచికొనవచ్చును. సౌదీలో అబ్షిరు, కువైటులో సాహెలు, ఖతారులో మెత్రాషు అను సర్కారు సాధనములు ఫోనులోనే యున్నవి. అందుకు ఫోను నంబరు మీ పేరనే యుండవలెను. స్నేహితుని పేరున తీసికొనిన సిమ్ముతో ఆ తలుపు తెరచుకొనదు. దిగిన వెంటనే మొదటి జీతమునుండి సొంత సిమ్ము కొనుడు. కార్డు రెండు ప్రక్కలను, పాస్‌పోర్టు మొదటి చివరి పుటలను ఛాయాచిత్రము తీసి ఇంటికి పంపుడు. ఇంటివారు దానిని అచ్చుతీయించి బియ్యపు డబ్బాలోనైనను దాచుడు. పాస్‌పోర్టు పోయినచో పోలీసు ఫిర్యాదు కాగితము లేనిదే రెండవది రాదు. ఎమిరేట్సు కార్డు గడువు తీరిన ముప్పది దినములలోగా మార్పించుకొనవలెను. ఆపై దినమునకు 20 దిర్హములు, వేయి వరకు. అమ్మలారా, కొడుకు ఫోను చేసినప్పుడు తిన్నావా యని యడుగుచుందురు గదా, ఆ నోటనే అకామా యెన్నడు తీరునని యడుగుడు. ఇంటి క్యాలెండరుపై ఆ దినమునకు ఆరు మాసములు ముందు ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టుడు.

సభ ముగిసిన పిమ్మట పడమటి వసారాలో ముగ్గురు స్వచ్ఛందసేవకులు బల్లవేసికొని కూర్చుందురు. పాస్‌పోర్టులు తెచ్చినవారు వారికి చూపవచ్చును. ఇంటిపేరు గడి ఖాళీగా నున్నవారును, రెండేండ్లలోగా గడువు తీరువారును ముందు వరుసలో నిలువవలెను. సెలవుమీద వచ్చి తిరుగు టికెట్టు చేతనున్న సోదరులు అకామా కార్డును గూడ తీసికొని రండు. పాస్‌పోర్టులోని సంఖ్య దానితో కలియుచున్నదో లేదో వారక్కడనే చూచి చెప్పుదురు.